వెనక సీటులో నాన్న ఊయల

బోష్ గోళ్ళు కత్తిరించాలి. రాలే బొచ్చు దువ్వేయాలి. బయలుదేరే ముందు తిండి పెట్టకూడదు. వెనక సీటు కప్పాలి. ఈ చివరి పనే ఎలీదెను మూడు రోజులుగా వేధిస్తోంది.

బోష్ ముసలి నల్లకుక్క. వెనక కాలు పట్టేసింది. ప్రతి గురువారం మెరీదా పట్నంలో పశువైద్యుడికి చూపించకపోతే ఇక నడవలేదన్నారు. ఎలీదె కొడుకు విల్బెర్త్ తన కారులో ప్రయాణికులను తిప్పుతాడు. పోయిన వారం దుప్పటి పరిస్తే బోష్ వణుకుతూ దాన్ని కిందికి తోసేసి సీటంతా కక్కింది. ఇంకొక్కసారి చూస్తాననీ, సీటు పాడైతే కుక్కను ఇక ఎక్కించుకోననీ అతను తేల్చి చెప్పాడు.

ఎలీదెకు చిన్నప్పటి నుంచీ చేతనైన విద్య మనుషులు పడుకునే వల ఊయలలు అల్లడమే. జారిపోయేదాన్ని పట్టి ఉంచేది ఊయలేనని ఆమె నమ్మకం. అందుకే ముందు సీట్ల తలదిండ్ల నుంచి వెనక తలదిండ్లకు ఒక ఊయల బిగించి కట్టింది.

మెరీదా నుంచి తిరిగొచ్చాక విల్బెర్త్ ఊయల ఎత్తి చూశాడు. వల కన్నాల్లోంచి గోళ్ళు దిగి సీటు మీద రెండు గీతలు పడ్డాయి. ఏదో అనబోతూ, అంచున నీలం దారం చూసి ఆగాడు.

"ఇది నాన్నది కదమ్మా?"

"ఆయనదే."

"ఊరంతటికీ ఊయలలు అల్లి ఇస్తావు. కుక్క కిందికి నాన్నదే దొరికిందా నీకు?"

ఎలీదె బోష్ మెడ నిమురుతూ నెమ్మదిగా చెప్పింది. "పోయే ముందు లేవలేని ఆ ఎనిమిది నెలలూ మీ నాన్న చెయ్యి ఊయల బయటికి వేలాడేసుకునే ఉన్నాడు. ఆ చేతి కింద ఇది పడుకునేది. నువ్వు బండి మీద ఉండేవాడివి, నీ తప్పేం లేదు. ఆయన వాసన దీనికి తెలుసురా. ఇవాళ వణికిందా? కక్కిందా?"

లేదు. దారి పొడవునా అద్దంలో చూస్తూనే ఉన్నాడు. ఆ దారాల్లో ముక్కు దూర్చి నిద్రపోయింది. తను ఆ చెయ్యి ఎన్నిసార్లు పట్టుకున్నాడో గుర్తు చేసుకోబోయాడు విల్బెర్త్. కళ్ళు నిండాయి.

లోపలికెళ్ళి సామాను మీద కప్పే మందపాటి కాన్వాసు తెచ్చి, సీటు మీద పరిచి, దాని మీద ఊయల సర్దాడు.

"ఇక గోళ్ళు దిగవులే."

"మరి నీ ప్రయాణికులో?"

"గురువారాలు నా ప్రయాణికుడు వీడే."

మీరు కుక్కను కారెక్కించేటప్పుడు కింద కాన్వాసు పరచండి, పైన దానికి అలవాటైన గుడ్డ వేయండి. వేసేటప్పుడు, ఊయల బయటికి చెయ్యి చాపి పడుకున్న ఎలీదె భర్త ఎవారిస్తోను ఒక్కసారి తలచుకోండి.