ఆడికృత్తికకు ఆపిన మాత్రలు

శనివారం పొద్దున సత్యప్రియ తిరుత్తణి స్టేషన్లో దిగి, తమ్ముడికి ఇష్టమైన మసాలావడలు కొనుక్కుని ఇల్లు చేరింది. తిరువళ్లూరులో మందుల షాపులో ఫార్మసిస్టు ఉద్యోగం ఆమెది. తమ్ముడు అరవిందన్‌కు లేని గొంతులు వినపడే జబ్బు మొదలై మూడేళ్లయింది. నెలనెలా మాత్రలు పంపేది తనే. ఏడాదిగా వాడు నిమ్మళంగా మగ్గం నేస్తున్నాడు.

ఈరోజు మగ్గం చప్పుడు లేదు. మెడలో దీక్ష మాల, ఒంటిమీద పసుపు పంచెతో అరవిందన్ చెవులు మూసుకుని మూలన కూర్చున్నాడు.

"మగ్గం నన్ను తిడతా ఉందక్కా" అన్నాడు.

సత్యప్రియ నేరుగా మాత్రలుండే అలమర తెరిచింది. ఈ నెల పంపిన అట్టలు పంపినట్టే ఉన్నాయి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరు ఆపింది?"

"నేనే" అన్నాడు తండ్రి గోపాలన్. "ఆడికృత్తిక పండక్కి వాడు కొండమీద సామికి కావడి ఎత్తతా ఉండాడు. మాలేసుకుంటే ఇంగ్లీషు మందు ముట్టకూడదు. మా తాత కాలం నించీ మనింట్లో అదే కట్టడి."

"తలనొప్పి మాత్ర ఆపినట్టు ఆపేస్తివా నాయనా! మన మెదడులో ఉసిగొలిపే కణాలుంటాయి, అణిచే కణాలుంటాయి. పక్కింట్లో టీవీ మోగతా ఉన్నా నువ్వు పోగులు చూసుకుంటా ఉండావే, ఆ అణిచే కణాలు పనిచేస్తా ఉండబట్టే. ఈ జబ్బుండే కొందరికి అవి సరిగ్గా పనిచెయ్యడం లేదేమోనని పరిశోధన చేసేవాళ్లు అంటా ఉండారు. మాత్రలు వాటిని బాగుచేస్తాయని నేను చెప్పను. వాడి తలకాయలో రొద తగ్గిస్తాయి. ఆ ఒక్కటీ లేకుండా చేస్తివి!"

గోపాలన్ లేచి నిలబడ్డాడు.

"కణాలు తెలుసు నీకు. వాడి చేతులు తెలుసునా? మాత్రలు పడినప్పటి నించీ వణుకుతా ఉండాయి. తెగిన పోగు ముడెయ్యలేక మగ్గం గుంటలో కూచోని ఏడస్తాడు, ఇరవై ఆరేళ్లోడు! నీకు చెప్పబోతే 'మాత్రేసుకున్నాడా' అని అడిగేసి ఫోను పెట్టేస్తావు. ఇంగ ఎవర్ని అడగాల? కొండమీద సామినే అడిగినా, వాడి చేతులు వాడికియ్యమని!"

"ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చు గదా!" సత్యప్రియ అరిచింది. "అందుకని నువ్వే డాక్టరైపోతివా?"

"నోళ్లు ముయ్యండి ఇద్దరూ!" వంటింట్లోంచి దూసుకొచ్చింది తల్లి సరసమ్మ. "బిడ్డ చెవుల్లో ఇప్పటికే చాలినన్ని గొంతులుండాయి. మీ ఇద్దరివీ గూడా ఎందుకు?"

అరవిందన్ మోకాళ్లలో తల దూర్చుకున్నాడు.

చేతులు వణికితే వెంటనే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు మాత్రలు ఆపకండి అని సత్యప్రియ షాపులో రోజుకు పదిమందికి చెబుతుంది. సొంత తమ్ముణ్ణి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. తండ్రి మీద కోపం పోలేదు గానీ, దానికంటే ఎక్కువ కోపం తన మీద వచ్చింది. బయటికి వెళ్లి, తిరువళ్లూరులో తమ్ముణ్ణి చూసే డాక్టరుకు ఫోన్ చేసింది. వెంటనే తీసుకురమ్మన్నాడు. వణుకు తగ్గడానికి మందు మార్చి చూడొచ్చన్నాడు.

తిరిగొచ్చి తమ్ముడి ముందు నేలమీద కూర్చుంది.

"చేతులు చూపించరా. ఎప్పుడెక్కువ వణుకుతాయి?"

వాడు నెమ్మదిగా చేతులు చాచాడు. "పొద్దున్నే ఎక్కువక్కా. సన్నపోగు పట్టుకుంటే ఇంగా ఎక్కువ. చెప్తే నువ్వు తిడతావనుకున్నా."

సత్యప్రియ ఆ చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. గోపాలన్ గోడవైపు తిరిగి తుండుతో కళ్లు ఒత్తుకున్నాడు.

తిరువళ్లూరు బస్సులో తండ్రీ, అక్కాతమ్ముళ్లూ ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. అరవిందన్ మాల తడుముకుంటూ భయంగా అడిగాడు. "నాయనా, మాత్రేసుకుంటే సామికి కోపం రాదా?"

"సామికి నేను చెప్పుకుంటాలేరా" అన్నాడు గోపాలన్. "డాక్టరుకి మాత్రం నువ్వే చెప్పాల. మేమిద్దరం నోరు తెరవం."