రెండో అంతస్తులో ‘ప్రెస్ ఎనీ కీ’

దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్ డిపో వెనక సందులో ఒక రెండో అంతస్తు గది ఉంది. దానికి మంచి పేరు లేదు. ఒకప్పుడు సీతారాములు సారు అందులో కంప్యూటర్ క్లాసులు చెప్పేవాడట. ఒకరోజు కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. అప్పటినుంచి చీకటి పడితే చాలు, తాళం వేసిన గదిలోంచి టక్... టక్... కింద టీకొట్టు వాళ్లు ఒట్టేసి చెబుతారు. వాళ్లు ఏదైనా ఒట్టేసే చెబుతారనుకోండి.

ఆ గదినే నా స్నేహితుడు బాల్‌రాజ్ వాళ్లక్క స్వప్న కిరాయికి తీసుకుంది, జాకెట్ల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేయడానికి. సారు కంప్యూటర్ కూడా గదితోపాటే వచ్చింది. దాని కీబోర్డు మాత్రం ఈమధ్య ఎక్కడో కనబడకుండా పోయింది, మౌస్‌తోనే పని. స్వప్న కొన్న పాత ఎంబ్రాయిడరీ మిషన్ దాని మాట తప్ప వినదు. పాతకాలపు విండోస్ ఎక్స్‌పీ తప్ప ఆ మిషన్‌కు ఇంకోటి తెలియదు మరి.

శ్రావణమాసం. తెల్లారితే సంతోషి అనే అమ్మాయి పెళ్లి. ఆమె జాకెట్‌కు ఒక చేయి పూర్తయింది, రెండోది సగంలో ఉంది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ పడుకుంది.

"తమ్మీ, జర జల్ది రా. పిల్ల ఒక్క చెయ్యి జాకెట్‌తోని పీటల మీద కూసుంటదా?" స్వప్న ఫోన్‌లోనే ఏడ్చేసింది.

బాల్‌రాజ్ తన కీబోర్డు, ల్యాప్‌టాప్ పట్టుకుని ఎల్బీనగర్ నుంచి ఉరికాడు. వచ్చేసరికి చీకటి పడింది. చూస్తే విండోస్ మొత్తం పాడైంది, మళ్లీ ఎక్కించాల్సిందే. పెన్‌డ్రైవ్‌లో ఎక్స్‌పీ ఎక్కించి పెడితే ఆ ముసలి డబ్బా దాని వంక చూడనైనా లేదు. దానికి సీడీయే కావాలి. ఈ రోజుల్లో సీడీ ఎక్కడిది? పక్క ఫొటో స్టూడియోలో దుమ్ముపట్టినవి రెండు దొరికాయి. ఒకదాంట్లో ఫైలును మామూలుగా కాపీ చేసి పాడుచేశాడు. రెండోది కంప్యూటర్ దాన్నుంచే మొదలయ్యేలా సరిగ్గా రాశాడు. ఎక్స్‌పీ ఎక్కించే నీలం తెర వచ్చింది! మూలన కూర్చున్న స్వప్న అత్త అండాలమ్మ దండం పెట్టింది.

సగం ఫైళ్లు ఎక్కాక కంప్యూటర్ తనంతట తానే ఆరి మళ్లీ వెలుగుతుంది. ‘ప్రెస్ ఎనీ కీ’ అంటుంది. అప్పుడు ఏమీ నొక్కకూడదు. నొక్కితే సీడీ నుంచి కథ మళ్లీ మొదటికే.

బాల్‌రాజ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ప్రెస్ ఎనీ కీ...

ఎవరో నొక్కారు.

"నువ్వేమన్న ముట్టినవా అక్కా?"

"నేనీడున్న గదరా!"

మళ్లీ మొదటినుంచి. ఈసారి సమయానికి తన కీబోర్డు వైరే పీకేశాడు బాల్‌రాజ్. ప్రెస్ ఎనీ కీ... సీడీ గిర్రున తిరిగింది. డబ్బా వణికింది...

టక్.

ముగ్గురూ విన్నారు. బాల్‌రాజ్ తను పీకిన వైరును ఇంకోసారి చూసుకున్నాడు.

"సారూ..." అండాలమ్మ గుసగుసలాడింది. "గీ ఒక్క జాకెట్ కానియ్యి సారూ..."

చప్పుడు డబ్బా వెనకనుంచి వచ్చింది. బాల్‌రాజ్ ఫోన్ లైటు వేసి తొంగిచూశాడు. గోడకూ డబ్బాకూ మధ్య... ఒక ఎర్రగుడ్డ మూట. మూటలోంచి ఒక వైరు... కంప్యూటర్‌లోకి.

వేలికొసలతో మూట విప్పాడు. పసుపు పూసిన పాత కీబోర్డు. దానిమీద బిగించి కట్టిన పెద్ద నిమ్మకాయ. డబ్బా వణికినప్పుడల్లా నిమ్మకాయ నొక్కుతోంది.

"గిదేంది అత్తమ్మా?" అన్నాడు.

"సారు కీబోర్డు బిడ్డా. కోడలు ఒక్కతే ఉంటది గీడ. సారు బయటికి రాకుండ కట్టిన."

"మరి వైరు పీకలేదేంది?"

"పీకితె సారుకు కోపమొస్తదని..."

స్వప్న తిడదామనుకుంది. నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఈ ముసలామెకు తానంటే ఇంత బెంగ ఉందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

వైరు పీకారు. ప్రెస్ ఎనీ కీ... ఎవరూ నొక్కలేదు. చివరికి తెరమీద ఎక్స్‌పీ పచ్చటి గుట్ట బొమ్మ కనిపించింది. మిషన్ టకటకా రెండో చేయి అందుకుంది.

"దెయ్యం లేదు, ఏం లేదు!" బాల్‌రాజ్ నవ్వుతూ బ్యాగు సర్దుకుంటుంటే అండాలమ్మ దగ్గరకొచ్చి చెవిలో చెప్పింది.

"బిడ్డా... గా డబ్బా లోపల గూడ ఒక నిమ్మకాయ పెట్టిన. తియ్యాల్నా?"

బాల్‌రాజ్ నవ్వు ఆగిపోయింది. మిషన్ వంక చూశాడు. చేయి ఇంకా పావు వంతు మిగిలి ఉంది.

"వద్దత్తమ్మా," అన్నాడు, వీలైనంత మెల్లగా. "ఇప్పుడు సారును కదిలియ్యొద్దు."