అత్తయ్య చెంచా

మందు తన ఒంట్లో పనిచేయడం మానేస్తే పాప ఎవరి ఒడిలో పెరుగుతుందన్నదే ఆమెకున్న అన్నిటికన్నా పెద్ద భయం.

ఆ ఉదయం కుట్టుమిషన్ ముందు కూర్చుందే గాని చేయి ఆడలేదు. హెచ్ఐవికి భార్యాభర్తలిద్దరూ వాడేది ఒకే మాత్ర. పాపకు సోకలేదు. ఆయన రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గింది. ఆమెకు మాత్రం మొదట్లో తగ్గినట్టే తగ్గి, ఈసారి పరీక్షలో మళ్లీ పెరిగింది.

బేకరీ నుంచి వచ్చిన భర్త చొక్కాకంటిన పిండి దులుపుకుంటూ అడిగాడు.

"నిజం చెప్పు. వేసుకుంటున్నావా, ఎగ్గొడుతున్నావా?"

"పాప మీద ఒట్టు. ఒక్కరోజు కూడా మానలేదు."

"మరి నాకు పనిచేసే మాత్ర నీకెందుకు పనిచేయదు? నువ్వేమన్నా దానికి సవతివా?"

మాట ముల్లులా దిగింది. కానీ అందులోని ప్రశ్న ఆమెను పట్టుకుని వదల్లేదు. అవును, ఎందుకు పనిచేయదు? ఒకే దారం రెండు మిషన్లకు ఎక్కించినప్పుడు ఒకటి కుట్లు వదిలేస్తుంటే దారాన్ని తిట్టి లాభం లేదు. సూది చూడాలి, బాబిన్ చూడాలి, ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవాలి. చదువు మధ్యలో ఆగిపోయినా ఆ పని ఆమెకు బాగా తెలుసు.

మనసులోనే విప్పుకుంటూ పోయింది. డబ్బా ఒకటే, అలమరా ఒకటే. ఆయన మాత్ర మింగి చీకటితోనే బేకరీకి వెళ్లిపోతాడు. తను పాప లేచాక, టీ నీళ్లయినా తాగకముందే మింగుతుంది. కొన్ని నెలలుగా, ఆ వెంటనే అత్తయ్య "ఆ మాత్రలు కడుపులో మంట పుట్టిస్తాయే పిల్లా" అంటూ గ్యాస్‌కి తాగే తెల్లమందు చెంచాడు నోట్లో పోస్తుంది.

ఆమె ఉలిక్కిపడింది. ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని క్లినిక్‌లో కౌన్సెలర్ అడిగితే, లేదని తల ఊపింది. అత్తయ్య చేత్తో పోసేది మందని ఆమె ఏనాడూ అనుకోలేదు. అది ఆవిడ ప్రేమ.

వెంటనే కౌన్సెలర్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సంగతంతా చెప్పింది.

"ఆ రెండూ కలిపి తాగుతున్నావా తల్లీ?" అందావిడ. "తెల్లమందు నీ మాత్రని కడుపులోనే పట్టేసుకుంటుంది, రక్తంలోకి పోనివ్వదు. రెండింటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. మాత్ర మాత్రం ఆపకు. ఇవాళే రా, డాక్టరుగారు చూసి మళ్లీ పరీక్ష రాస్తారు."

గుమ్మంలో నిలబడి అంతా విన్న అత్తయ్య ముఖం పాలిపోయింది.

"అంటే ఇన్నాళ్లూ నేనే నీకు విషం పోశానా? నీ కంచం వేరుగా పెట్టమని చుట్టాలంతా చెవి కొరికితే, నీ కంచంలోనే తిన్నదాన్ని నేను."

"మీరు కాబట్టే అడక్కుండా తాగాను అత్తయ్యా. ఇంకెవరైనా పోస్తే సీసా మీద ఏముందో చూసేదాన్ని."

ఆ మాటకి పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. భర్త తల వంచుకుని, "అనరాని మాటన్నాను" అన్నాడు.

"నీకు పొయ్యలేదు కాబట్టి బతికిపోయావురా" అని తల్లి ఏడుపులోనే కసిరింది. ముగ్గురికీ నవ్వొచ్చింది.

తర్వాతి పరీక్షలో ఆమె వైరస్ అంకె మళ్లీ దిగింది. ఇప్పుడు అత్తయ్య ఆ చెంచాతో మనవరాలికి పాలు పడుతోంది.

మీ ఇంట్లోనూ రోజూ మాత్ర మింగేవాళ్లు ఒకరుంటారు. వేసుకున్నావా అని గుమ్మంలోంచి అడిగి వెళ్లిపోకండి. కాసేపు పక్కన కూర్చుని, దాంతోపాటు ఇంకేం తాగుతున్నారో ఒక్కసారి కనుక్కోండి.