పన్నెండింటికి కొట్టే గంట

"శుక్రవారం మ్యూజియం బంద్ ఉంటదని ఎరుకేనా నీకు?"

కుంభారి కాలనీలో పన్నెండు మంది ఆడవాళ్ల ముందు ఋతుజ అడిగిన ఈ ఒక్క ప్రశ్నతో తుషార్ పరువు గంగలో కలిసింది.

వాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు. ఏడాదిగా చిట్టీ వేసుకున్న డబ్బుతో హైదరాబాదు చూడబోతున్నారు. వాళ్లలో తుషార్ తల్లి గోదావరి, ఋతుజ తల్లి చంద్రభాగ కూడా ఉన్నారు. అందుకే అతను హుషారుగా వెళ్లి ఏజెంటుతో శుక్రవారానికి టూర్ ప్యాకేజీ మాట్లాడి వచ్చాడు. అతను మగ్గాలు రిపేరు చేసే కార్ఖానాకు సెలవు శుక్రవారమే. లోకానికంతా ఊళ్లు తిరిగే రోజు అదేననుకున్నాడు పాపం.

"ఆదివారం పోదాం. ప్యాకేజీ గీకేజీ వద్దు. టికెట్లు నేను తీస్త," అంది ఋతుజ.

"ఆదివారం నాకు డ్యూటీ!"

"నిన్నెవరు రమ్మన్నరు?"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది గోదావరి.

కోపంతో వెళ్లినవాడు, లెక్కల్లో తప్పులు పట్టే సాకుతో మర్నాడే ఋతుజ ఇంటికి వచ్చాడు. ఆమె ఒళ్లో చేట, చేతిలో తునికాకు, పక్కన ఫోన్. మాట్లాడుతున్నా వేళ్లు ఆగడం లేదు.

"గోల్కొండ, చార్మినార్ టికెట్లు ఆన్‌లైన్ల తీస్తే తలా అయిదు రూపాయలు తక్కువ. లైన్ల నిలవడుడు గూడ తప్పుతది. దినమంత తిరిగే బస్ పాస్ తీసుకుంటే ఆటోలు అక్కర్లె. రొట్టెలు, పల్లీల షేంగా చట్నీ ఇంటికెల్లే. మ్యూజియంకు పన్నెండింటికి."

"మరి మ్యూజియంకు పొద్దుగాలనే పోవచ్చు గద? పన్నెండింటికెందుకు?"

"ఆడ ఒక గడియారం ఉన్నది. లోపలికెల్లి బొమ్మ బయటికొచ్చి గంట కొడ్తది. పదకొండింటికి పోతే పదకొండు దెబ్బలు, పన్నెండింటికి పోతే పన్నెండు. టికెట్ రేటు మాత్రం ఒక్కటే!"

తుషార్ ఆ లెక్క వేళ్ల మీద వేసి చూసుకున్నాడు. ఇన్నాళ్లూ ఆమెను పిసినారి అనుకున్నాడు. కాదు, రూపాయికి రెండు రూపాయల సంబరం తెచ్చిపెట్టే పిల్ల! ఆ తెలివి చూసి అక్కడికక్కడే మనసు పారేసుకున్నాడు. ఆమె ఆ గడియారం చూసేటప్పుడు పక్కన తాను ఉండడు గదా అని దిగులు కూడా వేసింది.

"చూసొచ్చి చెప్పు, ఎట్లున్నదో," అన్నాడు.

"చెప్తే ఏం సమజైతది?" ఋతుజ తల ఎత్తలేదు.

ఆ వారం సెలవు కూడా దక్కలేదు. శుక్రవారం కార్ఖానా యజమాని సేఠ్ పిలిచి మగ్గాలన్నిటికీ రిపేరు పెట్టించాడు. తుషార్ తన అదృష్టాన్ని తిట్టుకుంటూ పని చేశాడు.

శనివారం సాయంత్రం తల్లి సంచులు మోసుకుని స్టేషన్‌కు వచ్చాడు. ఋతుజ ఫోన్ చూసి పేర్లు చదువుతోంది.

"పన్నెండు, గోదావరత్త. పదమూడు, నేను. పద్నాలుగు, తుషార్."

"నేనా? రేపు నాకు డ్యూటీ గద!"

"నిన్న చేసినవ్ గద. మీ సేఠ్‌తోని మాట్లాడి మార్పిచ్చిన."

తుషార్ ఫోన్ అందుకుని చూశాడు. అతని టికెట్ తీసిన తేదీ, ఇద్దరూ కొట్లాడుకున్న రోజుదే.

"నేను రానంటే?"

"పైసలు దండుగైతుండె." ఋతుజ ముఖం ఎర్రబడింది. "నేను దండుగ ఖర్చు పెట్టేదాని లెక్క కనవడ్తున్ననా?"

"ఎక్కు కొడుకా, బండి ఆగదు," అంటూ ఋతుజ తల్లి చంద్రభాగ నవ్వి, తన సంచి కూడా అతని చేతికిచ్చింది.

మర్నాడు మ్యూజియంలో సరిగ్గా పన్నెండైంది. గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి కొట్టడం మొదలుపెట్టింది. పన్నెండు మంది ఆడవాళ్లూ చిన్నపిల్లల్లా మెడలు చాచి లెక్కపెడుతున్నారు. ఏడో దెబ్బకు తుషార్ ఋతుజ పక్కకు జరిగాడు. పదో దెబ్బకు "ఋతుజా" అన్నాడు. పదకొండో దెబ్బకు "నువ్వంటే నాకు పానం" అనేశాడు.

పన్నెండో దెబ్బకు ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"అందుకే పన్నెండింటికి పెట్టిన," అంది. "పదింటికొస్తే పది దెబ్బలల్ల చెప్పుడు నీతోని గాకపోతుండె."