పెళ్లి సీసాకి గంట గడువు

"ఇది పోయిందండీ," అన్నాడు ఎరాల్దో, గ్లాసు బల్ల మీద పెట్టేస్తూ.

గ్లాసు ఎత్తి, ముక్కు దగ్గర పెట్టి, దించడానికి అతనికి అరనిమిషం కూడా పట్టలేదు. చుక్క నోట్లో పోసుకోలేదు.

ఎదురుగా కూర్చున్న సెకొందో తాతయ్య ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. మనవరాలు ఓరియెట్టా పుట్టిన ఏడాది తన తోటలో కోసిన ద్రాక్షతో చేసిన వైన్ అది. ఇంట్లో పిల్ల పుడితే ఆ ఏటి వైన్ ఆరు సీసాలు నేలమాళిగలో దాచి, ఆ పిల్ల పెళ్లినాడు తీయడం ఆ ఇంటి ఆనవాయితీ. సీసాలకి ముప్పై నాలుగేళ్లు నిండాయి. ఓరియెట్టాకీ నిండాయి. పెళ్లి మాత్రం కాలేదు. పోయినవారం పక్కూరి పెళ్లిలో తీసిన పాత సీసాలన్నీ పులిసి వెనిగర్ అయిపోయాయని విన్నప్పటి నుంచి ముసలాయనకి కంటి మీద కునుకు లేదు. ఒకటి తీసి చూద్దామని, వైన్ పరీక్షించే ఎరాల్దోని ఆల్బా పట్నం నుంచి పిలిపించాడు.

"నేనే ఆలస్యం చేశాను," అన్నాడు తాతయ్య, మెల్లిగా లేచి, పిండి కలుపుతున్న ఓరియెట్టా వైపు చూస్తూ. "దీన్నీ, నిన్నూ కూడా. నన్నూ తోటనీ చూసుకుంటూ నువ్విక్కడే ఉండిపోతుంటే, పోనీలే అని ఊరుకున్నాను."

"తాతయ్యా, కూర్చో."

"కాసేపు పడుకుంటానమ్మా."

మెట్ల మీద ఆయన అడుగులు చాలాసేపు వినబడ్డాయి.

ఎరాల్దో బ్యాగు సర్దుకున్నాడు. గుమ్మానికి అడ్డంగా ఓరియెట్టా వచ్చి నిలబడింది. మోచేతుల దాకా పిండి.

"ఎక్కడికి డాక్టరుగారూ?"

వైన్ చదువు చదివినవాళ్లనీ అక్కడ డాక్టరనే పిలుస్తారు. ఆమె పిలిచిన తీరులో మాత్రం గౌరవం కనబడలేదు.

"ఇంకా రెండు చోట్లకి వెళ్లాలండి."

"నాడి పట్టుకోకుండానే రోగి పోయాడన్నారు. పైగా హడావుడి ఒకటి."

"వాసన చూశానుగా. అచ్చం తడిగోడ. పొద్దుటి నుంచి నలభై గ్లాసులు చూశాను, ఒక్కటీ తప్పు చెప్పలేదు."

"అవన్నీ ఈ ఏటి వైన్లు. పసిపిల్లలు. పలకరిస్తే చాలు, వాగేస్తాయి. ఇది ముప్పై నాలుగేళ్లు చీకట్లో మూతి బిగించుకుని కూర్చుంది. మూత తీయగానే మీకు పాట పాడాలా?"

"ఆలస్యం అమృతం విషం అంటారు కదండీ."

"నిదానమే ప్రధానం అని కూడా అంటారు." ఆమె వంటింటి అలారం గడియారం తెచ్చి గ్లాసు పక్కన ఠక్కున పెట్టింది. "గంట. గంటయ్యాక కూడా ఇదే మాట చెబితే మిమ్మల్ని నేనే కారెక్కిస్తాను. ఈలోగా చేతులు కడుక్కుని రండి."

"చేతులెందుకు?"

"ఖాళీగా కూర్చోబెడితే మళ్లీ తీర్పులు చెబుతారు."

బయట సన్నగా జల్లు మొదలైంది. రెండు నిమిషాల్లో ఎరాల్దో చొక్కా చేతులు పైకి మడిచి, మాంసం కూరిన చిన్న చిన్న పిండి పొట్లాల అంచులు గిల్లుతూ కూర్చున్నాడు. ఎలా ఒప్పుకున్నాడో అతనికే తెలియలేదు.

"అలా నొక్కేస్తే ఎలా? గిల్లాలి. మీ చెల్లెలి బుగ్గ అనుకోండి."

"నాకు చెల్లెలు లేదు."

"తెలుస్తూనే ఉంది."

పది నిమిషాలకి అతను గ్లాసు మీదకి వంగాడు.

"ఇంకా గోడేనా?" అంది ఆమె.

"గోడే." మళ్లీ వంగాడు. "కాకపోతే, గోడ ఆరుతోంది."

ఆమె నవ్వు దాచుకోవడానికి పిండి వైపు తిరిగింది. నవ్వితే ఆమె ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుందని, అది తనకి అనవసరమైన విషయమని ఎరాల్దో ఒకేసారి గమనించాడు.

పావుగంట తర్వాత గ్లాసులో పాత తాళంచెవి వాసన. ఆ తర్వాత తడిసిన అడవి ఆకులు, పుట్టగొడుగులు. అతనికి ఆశ్చర్యమేసింది. గిల్లడం మర్చిపోయాడు.

"నన్నూ చూడనివ్వండి," అని ఆమె కూడా వంగింది. ఇద్దరి తలలూ తగిలాయి.

"మీకెందుకంత తొందర ఎప్పుడూ?" అంది, నుదురు రుద్దుకుంటూ.

"మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఇంట్లో ఇరవై గడియారాలుండేవి. అన్నం తింటున్నా తరుముతున్నట్టే ఉండేది." మళ్లీ ఒక పొట్లం అందుకుంటూ అడిగాడు, "మీరు నిజంగా తాతయ్య కోసమే ఉండిపోయారా?"

"అందరూ అలాగే అనుకుంటారు. నాకీ కొండంటే ఇష్టం. మంచు కమ్మినప్పుడు మరీ ఇష్టం. ఎవరూ ఉండమనలేదు. నాకే ఉండాలనిపించింది."

"ఆ మాట ఆయనకి చెప్పారా?"

"ఆయన అడగలేదుగా."

"అడగకపోతే చెప్పరా? మీరూ ఈ సీసా లాగే ఉన్నారు. ఆయనేమో తప్పు చేశాననుకుంటూ మేడమీద పడుకున్నారు."

ఓరియెట్టా ఒక పొట్లాన్ని గిల్లిందే గిల్లింది.

గడియారం గణగణ మోగింది.

ఎరాల్దో గ్లాసు ఎత్తాడు. ఇటుకరంగు వైన్‌లోంచి ఎండిన గులాబీరేకుల వాసన వచ్చింది. ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాడు. ముందు కొంచెం వగరు, ఆ తర్వాత మెత్తదనం, చివర్లో చాలాసేపు వదలని తీపిలాంటిదేదో. పొద్దుటి నుంచి రుచి చూసినవన్నీ ఉమ్మేసినవాడు ఆ గుక్క మాత్రం మింగేశాడు.

"బతికే ఉంది," అన్నాడు. "బ్రహ్మాండంగా ఉంది. తొందరపడింది నేను."

"పైకెళ్లి ఆ మాట మీరే చెప్పండి."

"ఇద్దరం వెళ్దాం. మీరు చెప్పాల్సింది కూడా ఒకటుంది."

తాతయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నేను తప్పు చెప్పానండీ," అన్నాడు ఎరాల్దో. "మీరు ఆలస్యం చేయలేదు. దానికి కాస్త గాలి తగలాలి, అంతే."

"నన్నూ ఎవరూ ఆలస్యం చేయలేదు తాతయ్యా," అంది ఓరియెట్టా, మంచం అంచున కూర్చుంటూ. "ఇష్టమయ్యే ఉన్నాను. ముందే చెప్పాల్సింది."

ముసలాయన ఆమెవంక చూశాడు. ఎరాల్దో తెచ్చిన గ్లాసు అందుకుని కళ్లు మూసుకుని తాగాడు. కళ్లు తెరిచేసరికి అవి చెమ్మగా ఉన్నాయి.

"ఆకలేస్తోంది," అన్నాడు.

కిందికొచ్చి, గిన్నెలో వేడి మాంసం చారూ పిండి పొట్లాలూ వడ్డించుకుని, గ్లాసులో మిగిలిన వైన్ అందులో పోసేశాడు. ఎరాల్దో ప్రాణం విలవిల్లాడింది.

"అంత పాత వైన్, చారులోనా అండీ?"

"పెళ్లి విందు ఇలాగే మొదలుపెడతాం. మీ ఆల్బాలో మానేశారేమిటి? తిను నాయనా. సగం పొట్లాలు విడిపోయాయి, అవి నువ్వు గిల్లినవే అయ్యుంటాయి."

తిన్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు. వెళ్లాల్సిన రెండు చోట్లకీ ఫోన్ చేసి రాలేనన్నాడు.

చీకటి పడబోతుండగా బ్యాగు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఓరియెట్టా, ఒక మాట. మీరంటే నాకిష్టం. చాలా ఇష్టం."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. నోరు మాత్రం ఊరుకోలేదు. "మళ్లీ అరనిమిషం తీర్పేనా డాక్టరుగారూ?"

"గంట ఆగమంటారా?"

"దీనికి గంటేం సరిపోతుంది? ఆదివారం రండి. ఆ పై ఆదివారం కూడా. అప్పుడు చూద్దాం."

"రేపే ఆదివారం."

"తెలుసు," అంది ఎడమ బుగ్గ సొట్టపడేలా నవ్వుతూ.

లోపల చెంచా చప్పుడు ఆగింది.

"ఇంకా ఐదు సీసాలున్నాయి," అని తాతయ్య గొంతు వినబడింది. "నిదానంగానే తేల్చుకోండి. మళ్లీ ముప్పై నాలుగేళ్లు మాత్రం చేయకండి."