ఎర్ర దారం కట్టిన ట్యూబులు

"చీపురు అంత సహజంగా పట్టుకోవడం ఎవరు నేర్పారోయ్?" అడిగాడు చీఫ్ భానుమూర్తి.

"ట్రైనింగ్‌లో, సార్," అన్నాడు ఏజెంట్ రఘురాం.

అబద్ధం. నేర్పింది అమ్మ.

2003 జూన్, కోల్‌కతా. గార్డెన్ రీచ్ రేవులో ఓడల నూనె మురికిని తినే కొత్త బ్యాక్టీరియాను శాస్త్రవేత్త గోవిందరాజు కనిపెట్టాడు. దానికి పెట్టే పేరు నిలవాలంటే బతికున్న నమూనాలు రెండు దేశాల్లో, సూక్ష్మజీవులను భద్రపరిచే కల్చర్ బ్యాంకుల్లో చేరాలి.

"మధ్యాహ్నం పన్నెండుకి కొరియర్. ఒక విదేశీ ముఠా నమూనాలు మార్చేసి, అసలువి తన పేరున నమోదు చేయించుకోవాలని చూస్తోంది. నువ్వు గోవిందరాజు ల్యాబ్‌లోకి స్వీపర్‌గా వెళ్లు. లోపల మన ఏజెంట్ ఝుమా సేన్ ఉంది," అన్నాడు చీఫ్.

ఆ ల్యాబ్ రఘురాంకు బాగా తెలుసు. ముప్ఫయ్యేళ్లుగా అక్కడ ఊడుస్తున్నది అమ్మ సన్యాసమ్మే. సర్వీసు ఫైల్లో మాత్రం, తల్లి పేరు దగ్గర, 'లేరు' అని రాశాడు. ఇప్పుడూ ఆ సంగతి దాచి, చీపురు భుజాన వేసుకున్నాడు.

ల్యాబ్ వరండాలో పట్టుచీర, నల్లకళ్లద్దాలతో ఝుమా ఎదురైంది.

"ఇలిష్ చేప వచ్చిందా?" అడిగింది.

"ముళ్లతో సహా."

కోడ్ సరిపోయింది. అప్పుడే వెనక నుంచి గొంతు: "ఓలమ్మో! నాయినా, ఈ ఏసమేటి? నౌకరీ పోయిందేటి?"

ఝుమా కళ్లద్దాలు తీసింది. "ఈ ముసలమ్మ నీకు తెలుసా?"

"తెలీదు మేడమ్."

సన్యాసమ్మ ఒక్క క్షణం అతణ్ణి చూసింది. "కళ్లు ఆనడం లేదు తల్లీ. ఎవులో అనుకున్నాను," అని బకెట్ ఎత్తుకుంది.

పన్నెండుకి రెండు నిమిషాలు. గోవిందరాజు పెట్టెకు సీలు వేయబోతున్నాడు. ఝుమా హ్యాండ్‌బ్యాగుతో గేటువైపు నడుస్తోంది.

"సీలెయ్యకండి సారూ! ఇవి మనవి కావు. నా దారమేదీ?"

సన్యాసమ్మకు చదువు రాదు. ఒకసారి పొరపాటున పనికొచ్చే ట్యూబు కడిగేసి తిట్లు తింది. అప్పట్నుంచి, కడగకూడని ట్యూబుల మెడకు పక్కనున్న మెటియాబ్రుజ్ పేటలో దర్జీల దగ్గర ఏరుకొచ్చిన ఎర్ర దారం కట్టేది. ముఠాకు అమ్ముడుపోయిన ఝుమా నకిలీ ట్యూబులకు అసలు లేబుళ్లు అంటించింది. దారం సంగతి ఆమెకు తెలియదు.

"ఓ కొత్త బాబూ, ఈ పెట్టె కాడ తిరిగిన ఆ యమ్మనాపు!"

కొత్త బాబు. రఘురాం మొహం మండింది. చీపురు విసిరాడు. కర్రలో దాచిన కెమెరా ఎందుకూ పనికిరాలేదు, కర్ర పనికొచ్చింది. ఝుమా బోర్లాపడింది. బ్యాగులో, పౌడర్ డబ్బా పక్కన, ఎర్ర దారంతో రెండు ట్యూబులు.

పెట్టె సరిగ్గా పన్నెండుకి వెళ్లింది.

"బ్యాక్టీరియాకు మీ పేరే పెడతానమ్మా," అన్నాడు గోవిందరాజు. "మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"కొడుకున్నాడు బావూ. దూరంగా... పెద్ద ఆపీసరు." అతనివైపు చూడకుండానే అంది.

రిపోర్టులో 'సాక్షితో బంధుత్వం' అన్న గడి దగ్గర రఘురాం పెన్ను ఆగిపోయింది.

మురికి తిని బతికే జీవి ఆమె పేరు పెట్టుకుంది. ఆమె పెట్టిన అన్నం తిని పెరిగినవాడు ఇంకా మారువేషంలోనే ఉన్నాడు.