ఎవరూ ఏడవని పుర్రె

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! పన్నెండు గంటలకే పొద్దు గుడ్డిదైపోయింది. అమరచింత దారిలోని మెడికల్ కాలేజీని కారుమేఘాలు కమ్మేశాయి. ఉరుముకు ఆసుపత్రి కిటికీలు గడగడలాడాయి. వెనకనున్న పాడుబడ్డ శవాలగది చూరులో పట్టపగలే గుడ్లగూబ కూసింది...

ఆ గదిలోకే వస్తోంది బసవమ్మ, కొంగు చాటున పుర్రె దాచుకుని. విద్యార్థులు శవాలు కోసి చదువుకునే హాల్లో ఆయా ఆమె. చేసింది దొంగతనమని తెలుసు. కానీ ఏం చేస్తుంది? ఒక్కగానొక్క కూతురు కవిత మూడు రోజులుగా పై వార్డులో మగగొంతుతో అరుస్తోంది! స్కానింగుల్లో ఏమీ లేదు. పెద్ద డాక్టర్లే తలలు పట్టుకున్నారు. పిల్ల మాత్రం గంటగంటకూ నీరసించిపోతోంది.

లోపల నల్లముగ్గు నడుమ కూర్చున్నాడు గట్టు ఊరి మాంత్రికుడు ఈదన్న. కవిత మీదికి ప్రేతాన్ని తోలింది తానేనని దాచను కూడా దాచలేదు ఆ క్షుద్రుడు! దిక్కులేని పుర్రె తెస్తే పిల్లను వదిలేస్తానన్నాడు.

"తెచ్చినవా? దిక్కులేనిదేనా? దానికోసం ఒక్కరన్న ఏడ్సి ఉండొద్దు. గట్లయితెనే నా మాటింటది."

"దవాఖానల సచ్చిపోయిన ముసలవ్వది. సుట్టాలెవ్వరూ రాలే. ఇగ నా బిడ్డను ఇడ్సిపెట్టు, నీ కాళ్లు మొక్కుత!"

ఈదన్న వికటంగా నవ్వాడు. "పిచ్చిదానా! నీ బిడ్డ పానమే దీనికి తొలి బలి!"

బసవమ్మకు అప్పుడర్థమైంది. తానే కూతుర్ని చంపుకుంది! వాడు పుర్రె లాక్కుని, నెత్తురు పూసి గర్జించాడు. "దిక్కులేనిదానా... లే!"

పుర్రె కదిలింది... కనుగుంటల్లో అగ్నిజ్వాలలు! ముసలిగొంతు గది దద్దరిల్లేలా పలికింది.

"ఎవర్రా దిక్కులేనిది? డాక్టరు సదివే నూరుమంది పిల్లలు కోసేముందు నన్ను తొలి గురువని దండం పెట్టిన్రు. గీ బసవమ్మ దినాం నాకు పువ్వు వెట్టింది. నన్ను కోసిననాడు కడుపు తరుక్కపోయి ఏడ్సింది!"

నిజమే, ఏడ్చింది. ఊడ్చే ఆయా ఏడుపు కూడా ఒక ఏడుపేనని ఆమెకు తోచనే లేదు.

"కోస్తున్నరు! నూరు కత్తులు... వామ్మో!" ఈదన్న గిలగిలా కొట్టుకుని నేలకూలాడు. ఒంటి మీద ఒక్క గాటు లేదు. ప్రాణమూ లేదు!

పైవార్డులో అరుపులు ఆగాయి. బసవమ్మ పరుగున వెళ్లేసరికి, "అమ్మా, దూపైతుందే, నీళ్లియ్యి" అంది కవిత తన సొంత గొంతుతో. ఆ సాయంత్రమే అవ్వ పుర్రె మళ్లీ హాల్లోని బీరువాలోకి చేరింది.

ఈదన్న కోసం ఎవరూ రాలేదు. కొన్నాళ్లకు అతని శవం ఆ హాల్లోని బల్ల మీదికే వచ్చింది. పువ్వు పట్టుకుని బసవమ్మ చాలాసేపు నిలబడింది. ఒళ్లు మండిపోతోంది. కానీ ఎవరూ ఏడవకపోతే, రేపు వీడి పుర్రె కోసం ఇంకొకడు వస్తాడు. ఇంకో తల్లిని పంపుతాడు...

పువ్వు పెట్టింది. కన్నీళ్లు రాలేదు. వీడినీ ఎవరో తల్లి కనే ఉంటుందని తలుచుకుంది. అప్పుడు వచ్చాయి.